కళాయి సాయిబు గారి గొంతు

నాకు ముక్కు మీద కోపం. డెబ్భైల్లో విజయవాడలో ఒక కంటి ఆసుపత్రిలో నర్సుగా చేసిన రోజుల్లో, వార్డులో ఎవరి గొంతైనా కాస్త పైకి లేస్తే నాది అంతకన్నా పైకి లేచేది. "ఇదేమన్నా సంతా? నోళ్ళు మూయండి!" అని నేను పెట్టే కేకే ఆ వార్డులో అన్నిటికన్నా పెద్ద చప్పుడని మా డాక్టరు గారు ఏడిపించేవారు. మా ఇద్దరి తగువులన్నీ చప్పుళ్ళ గురించే.

ఆయనది కూచిపూడి దగ్గర వ్యవసాయ కుటుంబం. గజ్జెల మోత వింటూ పెరిగిన మనిషి. చెవిలో పడిన నాదం తిన్నగా వెళ్ళి నాడిని తాకుతుందని ఆయన నమ్మకం. దాన్ని రుజువు చేసి డాక్టర్ల సభలో వ్యాసం చదవాలని ఆరాటం. కువైట్ నుంచి వచ్చిన ఒకాయన దగ్గర టేప్ రికార్డరు కొని, ఆపరేషనుకు ముందు రోగి తల దగ్గర పెట్టి వీణ వినిపించేవారు. వినకముందు నాడి ఎంత, విన్నాక ఎంత, బీపీ ఎంత అని చూసి చెప్పడం నా పని. నేను ప్రతి ఆదివారం పటమట చర్చిలో పాడేదాన్నే, పాటంటే నాకు గిట్టక కాదు. ఉన్న చాకిరీ చాలదన్నట్టు ఈ వీణ కచేరీ ఒకటా అని ఒళ్ళు మండేది.

అయితే ఆయన ఆరాటంలో అర్థం లేకపోలేదు. అప్పట్లో కంటిలో శుక్లం తీయాలంటే కంటి పక్కన మత్తు సూది వేసేవారు. కన్ను మొద్దుబారుతుంది కానీ మనిషికి మెలకువ ఉంటుంది. కత్తి లోపల ఉండగా రోగి బెదిరి తల కదిపాడా, కన్ను పోయినట్టే. అందుకే రోగి భయం మాకు కూడా భయమే.

ఆ భయం ఒక ముసలమ్మ రూపంలో మైలవరం నుంచి మా వార్డుకు వచ్చింది. ముస్లిం ఇల్లాలు. పాత చీరలు కలిపి బొంతలు కుట్టేది. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది. మిగిలిన కంట్లో శుక్లం ముదిరి, వెలుగూ చీకటీ తప్ప ఏమీ ఆనడం లేదు. వెంట వచ్చిన భర్త ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే సాయిబు గారు. కొలిమి పొగ మింగీ మింగీ ఆయన గొంతు బొంగురుపోయింది. వార్డులో మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినపడేది. నేను ఊరుకుంటానా? రోజుకు ఎన్నిసార్లు కసురుకున్నానో.

మొదటిసారి బల్ల మీద పడుకోబెట్టేసరికి ఆమెకు వణుకు మొదలైంది. నా చేతిలో ఉన్న మణికట్టు దడదడలాడింది. డాక్టరు గారు కత్తి పట్టకుండానే వెనక్కి పంపేశారు.

"ఉన్నది ఒక్క కన్ను సిస్టర్. ఇలా వణికితే నేను చెయ్యలేను. ఇంకోసారి చూద్దాం, అప్పుడూ ఇంతే అయితే ఇంటికి పంపేద్దాం" అన్నారు. ఇంటికి పంపడమంటే బతికినంత కాలం చీకట్లో ఉండమనడమే. ఆ మాట ఆమె కూడా వింది. దుప్పటి అంచు వేళ్ళతో తడుముతూ కూర్చుంది, కుట్టు ఎలా ఉందో చూస్తున్నట్టు.

వీణ ఆమె మీద పనిచేయలేదు. వాళ్ళ పవిత్ర గ్రంథ పఠనమైతే పనిచేస్తుందని డాక్టరు గారికి తోచింది. వన్‌టౌన్‌లో తెలిసిన అత్తరు కొట్టు ఆయన దగ్గర, దూరదేశపు పండితుడు చదివిన టేపు ఒకటి సంపాదించారు. అంతా విని, తన చెవికి అన్నిటికన్నా గంభీరంగా, కమ్మగా తోచిన భాగాన్ని ఎంచుకున్నారు. ఇక్కడే పొరపాటు చేశారు. ఆయన దాన్ని కూడా వీణ విన్నట్టే విన్నారు.

మర్నాడు పొద్దున మంచం పక్కన టేపు పెట్టారు. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. గొంతు నిజంగానే అద్భుతం. ఆమె ముఖం ఒక్క క్షణం తేటపడింది. అంతలోనే దిగ్గున లేచి కూర్చుని, పైట తల మీదికి లాక్కుని, పెదవులు కదుపుతూ ప్రార్థన మొదలుపెట్టింది. నాడి చూస్తే గుర్రమై పరుగెడుతోంది.

"సిస్టరమ్మా, మా ఆయన్ని పిలువమ్మా. నాకింక ఎంతసేపు ఉంది? దాచకుండా చెప్పు తల్లీ!"

బయట బీడీ కాలుస్తున్న సాయిబు గారు టేపు విని పరుగెత్తుకొచ్చారు. "అయ్యో, నిన్న బాగానే ఉంది కదయ్యా! ఎవరు చెప్పారు మీకు యాసీన్ చదివించమని?" అని గుండెలు బాదుకున్నారు.

సంగతి అప్పుడు తెలిసింది. యాసీన్ అనే ఆ అధ్యాయాన్ని కష్టం తీరాలని కూడా చదువుతారట. కానీ వాళ్ళ ఇళ్ళల్లో ముఖ్యంగా ప్రాణం పోయేవాళ్ళ పక్కన కూర్చుని చదువుతారు. మంచం మీద పడుకున్న మనిషికి, అదీ ఆపరేషనుకు ముందు, అది వినిపిస్తే ఏమనుకుంటుంది? డాక్టరు గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. గబగబా టేపు ఆపి, ఆమె చేతులు పట్టుకుని, "తప్పయిపోయిందమ్మా, మీకేం కాదు. నాకు తెలియక చేశాను" అన్నారు. ఆమె కాసేపు ఊపిరి తీసుకుని, ఆ తర్వాత ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకు మాకందరికీ పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

తగ్గే మనిషి కాదు మా డాక్టరు గారు. "మరి మీరు రోజూ ఏం వింటారమ్మా?" అని అడిగారు. ఈ ప్రశ్న మొదటే అడిగి ఉంటే ఈ రభస ఉండేది కాదని నేను పక్కనుంచి సణిగాను.

"రెహమాన్ సూరా. పొద్దున నమాజు అయ్యాక మా ఆయన చదువుతాడు. నేను పొయ్యి రాజేస్తా ఉంటా. పెళ్ళయిన కాడ్నించీ అంతే బాబూ."

"ఆ టేపు తెప్పిస్తాను."

"టేపెందుకు? మడిసున్నాడుగా!"

ఆ మాటకు నేను అగ్గి మీద గుగ్గిలం అయ్యాను. కొలిమి మసి అంటిన మనిషిని థియేటరులోకి రానివ్వడమా? డాక్టరు గారు బతిమాలారు. నేను ససేమిరా అన్నాను. చివరికి ఆమె చీకటి కన్ను నా గొంతు వైపు తిప్పి, "ఆయన గొంతు వినపడితే నేను కదలనమ్మా. నా మాట నమ్ము" అంది. కోపం దిగిపోయింది. సాయిబు గారి చేతులకు నేనే సబ్బు పట్టించి మోచేతుల దాకా రుద్దించాను. ఆపరేషను రోజు దాకా ఆయన రోజూ పొద్దున ఆమె మంచం దగ్గరే ఆ రెహమాన్ అధ్యాయం చదివారు. వార్డంతా వినేది. నేను కసరలేదు. అందులో ఒక వాక్యం మాటిమాటికీ తిరిగి వస్తుంది, మా కీర్తనల్లో పల్లవిలా. బీపీ మిషను పట్టుకుని తిరుగుతూ నాకు తెలియకుండానే దాన్ని నేర్చేసుకున్నాను.

ఆ రోజు సాయిబు గారికి గౌను తొడిగి, ముఖానికి గుడ్డ కట్టి, బల్లకు దూరంగా మూలన నిలబెట్టాను. వీధుల్లో "కళాయీ" అని కేకలు వేసిన గొంతు కదా, గుడ్డ అడ్డం ఉన్నా సరిగ్గా సరిపోయింది. ఆయన మొదలుపెట్టారు. నా వేళ్ళ కింద నాడి ముందు దడదడలాడి, ఆ పల్లవి తిరిగి వచ్చేకొద్దీ నెమ్మదించింది. నా కళ్ళతో చూశాను, నా వేళ్ళతో విన్నాను. డాక్టరు గారు తల ఊపి కత్తి అందుకున్నారు.

అంతా సవ్యంగా సాగుతుండగా సాయిబు గారు బల్ల వైపు చూశారు. చూడవద్దని ఎంత చెప్పినా చూశారు. భార్య కంటి దగ్గర కత్తి! గొంతు పూడుకుపోయింది. గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం. నేను ఏళ్ళ తరబడి అరిచి అరిచి కోరుకున్న నిశ్శబ్దం అదే, కానీ అంత భయంకరంగా ఉంటుందని అనుకోలేదు. నా చేతిలోని మణికట్టు బిగుసుకుంది. నాడి ఎగిరింది. డాక్టరు గారి చెయ్యి గాలిలో ఆగిపోయింది.

ఏం ఆలోచించానో తెలియదు. ఆ తిరిగి వచ్చే వాక్యాన్ని నేను అందుకున్నాను. ఉచ్చారణ తప్పో ఒప్పో దేవుడికే తెలియాలి, భక్తిగా మాత్రం అన్నాను. ఒకసారి అన్నాను, మళ్ళీ అన్నాను. మూలనుంచి బొంగురు గొంతు లేచి నా గొంతును కలుపుకుని ముందుకు వెళ్ళింది. ముసలమ్మ వేళ్ళు మెల్లగా సడలాయి. తల ఇసుమంత కూడా కదలలేదు. డాక్టరు గారు శుక్లం బయటికి తీసి పళ్ళెంలో పెట్టినప్పుడు ముసుగు వెనక నేను ఏడుస్తున్నాను. ఆనందంగా, ఏ సిగ్గూ లేకుండా.

శుక్లాన్ని కోసింది డాక్టరు గారి కత్తే, అందులో సందేహం లేదు. కానీ ఆ కత్తికి చోటిచ్చింది సాయిబు గారి గొంతు. సభలో డాక్టరు గారు ఇదే చదివారు. కొందరు నవ్వారట, ఎక్కువమంది చప్పట్లు కొట్టారట. ఆ తర్వాత మా దగ్గర ఏ రోగినైనా ముందు అడిగేది ఒకటే, "మీకు ఏం వినాలని ఉంది?" అని. ఒక మిల్లు యజమాని తనకు బియ్యం మర చప్పుడు వింటే తప్ప కునుకు పట్టదన్నాడు. డాక్టరు గారు మిల్లుకు వెళ్ళి మరీ రికార్డు చేసుకొచ్చారు.

కన్ను మానాక సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టడానికి ముసలమ్మను మళ్ళీ పిలిపించారు. అద్దాలు పెట్టుకుని ఆమె గదంతా కలియజూసింది. నేను ఎదురుగానే నోరు మూసుకుని నిలబడ్డాను.

"ఆ అరిచే సిస్టరమ్మ ఏదీ?" అంది నా ముఖంలోకే చూస్తూ.

"నేనే మామ్మగారూ!"

"ఓయమ్మో, ఇంత చిన్నపిల్లవా! గొంతు ఇని మా అత్తగారి ఈడుదానివనుకున్నానే!"

సాయిబు గారు కూడా పగలబడి నవ్వారు. ఆమె కొంగు ముడి విప్పి సూదీ దారం తీసింది. గోడ మీద అక్షరాల పట్టీ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. దారం కొస నోట్లో తడిపి, సూదిని కిటికీ వెలుగుకు పట్టింది. దారం బెజ్జంలోంచి ఇవతలికి వచ్చింది.

ఆసుపత్రి అంతా దద్దరిల్లేలా కేక వినపడింది. పక్క వార్డు వాళ్ళు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు. కేక పెట్టింది నేనే.