ఆయన చెప్పింది నేను చెప్పలేదు

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం దిగేది, నీళ్లు దిగేవి, అది మాత్రం దిగేది కాదు. చర్చిలో ఎవరికైనా చెప్పుకుందామంటే అందరూ ఎరిగినవాళ్లే. మీరు నన్నెరుగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది బ్రూక్షాబాద్. మా ఆయన దీవుల మధ్య తిరిగే బోట్లలో పనిచేసేవాడు. ఫీనిక్స్ బే రేవులో తాళ్లు లాగి లాగి కుడిచెయ్యి మొద్దుబారి ఉండేది. ఆ చెయ్యి ఎంత గట్టిదో ఆ తాళ్ల తర్వాత నాకే బాగా తెలుసు. తాగి వచ్చిన రోజు ఎందుకు కొడుతున్నాడో ఆయనకూ తెలిసేది కాదు.

తర్వాత పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. మాటా పోయింది. ఇంట్లో నేర్చిన తెలుగు నాలుగు ముక్కలు మిగిలాయి కానీ, జీవితమంతా బోట్ల మీద మాట్లాడిన హిందీ ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు. కుడిచెయ్యి పిడికిలిగా బిగుసుకుపోయింది. గోళ్లు అరచేతిలో దిగకుండా గుడ్డ పెట్టేదాన్ని. ఏడ్చాను, నిజమే. భయం లేకుండా నిద్రపోయింది కూడా అప్పుడే. రెండూ నిజమెలా అవుతాయి? అయ్యాయి మరి.

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి, తెలుగు రాని హిందీ పిల్ల, కొత్త మిషన్ గురించి చెప్పింది. షాక్ వేవ్ అంటారట. కరెంటు పెడతారేమో అని హడలిపోయాను. కాదు, ముంజేతి కండ మీద చిన్న గొట్టంలాంటిది ఆనించి టకటకమని తట్టడమే. బిగిసిన కండ కొంత వదులవుతుందని, ఆ వదులు ఉండగానే వేళ్లు సాగదీయాలని, అందరికీ ఒకేలా పనిచేయదని చెప్పింది. ఆ చెయ్యి తెరుచుకోవాలని చర్చిలో అందరూ ప్రార్థన చేశారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

పనిచేసింది. మెల్లగా వేళ్లు సడలాయి. ఒకరోజు ఆయన అరచెయ్యి సబ్బుతో కడుగుతుంటే, వేళ్లు సగం విచ్చుకుని ఆ చెయ్యి నా మొహం వైపు లేచింది. రెండు చేతులూ అడ్డం పెట్టుకుని గోడకు అతుక్కుపోయాను. తర్వాత అద్దంలో చూసుకుంటే నా చెంప మీద సబ్బు నురగ ఉంది. అది తుడవబోయాడా? తెలియదు. ఆ రాత్రి మాత్రం వంటగదిలో చాప వేసుకుని పడుకున్నాను.

మర్నాడు మిషన్ పెట్టి తీశాక ఆయన మాటలు కూడదీసుకున్నాడు. “వదులవతందే. బాగుంది. మానొద్దని సెప్పు.”

ఆయనేమంటున్నాడో తెలియక ఆ పిల్ల నా వైపు చూసింది. “అంకుల్ క్యా బోల్ రహే హై, ఆంటీ?”

“బహుత్ దర్ద్ హై బోల్ రహే హై. ఔర్ నహీ కరానా.” చాలా నొప్పిగా ఉందట, ఇక చేయించుకోడట. అంత అబద్ధమూ తడుముకోకుండా వచ్చింది.

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. సరేనని మిషన్ పక్కకు నెట్టేసింది.

“సెప్పేవా?” అని అడిగాడు ఆయన.

“సెప్పేను.”

“సరే” అన్నాడు.

మళ్లీ వెళ్లలేదు. వేళ్లు మళ్లీ బిగిశాయి. ఎలాగూ పూర్తిగా బాగయ్యేది కాదులే అని, చేయిస్తూనే ఉన్నా ఎన్నాళ్లు ఉండేదిలే ఆ వదులు అని, నన్ను నేను సముదాయించుకుంటూనే ఉన్నాను, ఆ చేతిని రోజూ కడుగుతూనే ఉన్నాను.

కొన్నాళ్లకు పక్కింటి పిల్ల వాకిట్లోంచి హిందీలో అరిచింది, అంకుల్, వాన వస్తోంది, కిటికీ మూసేయండి అని. ఆయన ఎడమచెయ్యి చాచి కిటికీ మూశాడు. నేను వంటగది గుమ్మంలో నిలబడి చూశాను. నోటికి రాని హిందీ చెవికి పోలేదు. అంటే ఆ రోజు నా మాట ప్రతిదీ అర్థమైంది. అర్థమయ్యే “సెప్పేవా?” అని అడిగాడు. ఎందుకు? నా మాట మార్చుకోమనా? అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఈమధ్య పక్షవాతం రెండోసారి వచ్చింది. ఇప్పుడు ఆయన నోట మిగిలింది “సరే” ఒక్కటే. అన్నం పెట్టనా అన్నా సరే, కరెంటు పోయిందన్నా సరే. ఈ ఉదయం వేళ్లు విప్పి కడుగుతూ అనేశాను, “ఆ రోజు నువ్వు సెప్పమన్నది నాను సెప్పలేదు.”

“సరే” అన్నాడు.

అది క్షమించడం కాదని నాకు తెలుసు. అయినా మాట బయటికి వచ్చింది. వేళ్ల మధ్య తడి తుడిచి, పిడికిట్లో గుడ్డ మళ్లీ పెట్టాను.