ఎలుగు గుహలో ఏం లేదు

మా జూలో ముప్ఫై ఒక్కేళ్లుగా పనిచేస్తున్న పెద్ద కీపరుకి ఒక్కటే జబ్బు. పుట్టుకను ఒప్పుకోడు. జంతువుకు కడుపొస్తే ఒళ్లు చేసిందంటాడు. నొప్పులు పడుతుంటే అరగలేదంటాడు. పిల్ల లేచి నిలబడి, తోక ఊపుతూ పాలు తాగుతుంటే, పక్క ఆవరణలోంచి దారి తప్పి వచ్చిందంటాడు. ఏమడిగినా ముందు వచ్చే మాట “అబ్బే, ఏం లేదు.” ఆయన అసలు పేరు హాజరుపట్టీకి తెలుసేమో. మాకందరికీ ఆయన ఏంలేదు బాబాయి.

జిరాఫీ కాన్పు నాడు బడిపిల్లల్ని వెంటేసుకొచ్చిన ఒక టీచరమ్మ కెవ్వుమంది.

“ఏమండీ! దాని వెనకాల రెండు కాళ్లు కనిపిస్తున్నాయి!”

“వెనకాల రెండు కాళ్లే కదమ్మా ఉండేది” అన్నాడు బాబాయి, గడ్డి మోపు విప్పుతూ.

“అవి కాదండీ! పైన, తోక కింద, ఇంకో రెండు!”

“పొడుగు కాళ్లు కదా, సర్దుకోవడం కష్టం. పదండి, అటు తాబేళ్లున్నాయి.”

టీచరమ్మ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే తాబేళ్ల దగ్గరికి వెళ్లింది. పిల్లలు మాత్రం కదల్లేదు. బాబాయి తన గడ్డి మోపును వాళ్లకూ జిరాఫీకీ మధ్య నిలబెట్టి, దాని ముందు తాను నిలబడి, తాబేలు ఎన్నేళ్లు బతుకుతుందో మూడుసార్లు చెప్పాడు.

ఇంట్లోనూ ఇదే వరస. “నాకు నెల తప్పితే మా అమ్మతో ఎండదెబ్బ అని చెప్పాడమ్మా” అంది పిన్ని ఒకసారి, నాకు కాఫీ ఇస్తూ. “మా అమ్మ నిజమే అనుకుని తొమ్మిది నెలలు మజ్జిగ పట్టించింది.” ఇప్పుడు మనవడికి మూడేళ్లు. తాత మెడ మీదే కాపురం. వాణ్ని చూసి ఎవరైనా “మనవడా?” అంటే, బాబాయి పైకి చూసి, వాడు అక్కడున్నట్టు అప్పుడే తెలిసినవాడిలా, “ఎవరో వచ్చారు” అంటాడు.

ఇలాంటి మనిషితో నా బతుకు ముడిపడింది. జూ కబుర్లు పత్రికలకు అందించడం నా ఉద్యోగం. జూలో కబురంటే పుట్టుకే. సింహం ఆవలించిందని ఎవరూ వేయరు. పిల్లల్ని పెట్టిందంటే మొదటి పేజీ. యూనివర్సిటీలో రెండేళ్లు మహామహుల గ్రంథాలు నమిలి, చివరికి “బుజ్జి కంగారూకు పేరు పెట్టండి” అని పోటీలు నడపడం నాకూ ఏమంత గర్వంగా ఉండేది కాదు. “మూగజీవాలే మన గురువులు” అని బోర్డు మీద రాసిన చేయి కూడా నాదే. ఏ గురువూ నాకు ఏమీ నేర్పిన గుర్తు లేదు. కోతి మాత్రం ఒకసారి కళ్లజోడు పట్టుకుపోయింది. కానీ ఉద్యోగం ఉద్యోగమే. నెలకొకసారి కాగితం, కలం పట్టుకుని బాబాయి వెంటపడక తప్పేది కాదు.

“బాబాయ్, కోతుల దగ్గర నిన్న పదకొండు. ఇవాళ పన్నెండు.”

“నిన్న నువ్వు సరిగ్గా చూళ్లేదమ్మాయ్.”

“పన్నెండోది తల్లి పొట్టకి కరుచుకుని ఉంది.”

“చలేస్తుందేమో.”

“అరచెయ్యంత ఉంది!”

“దూరం నుంచి చూస్తే ఏదైనా అంతే.”

ఈ పద్ధతిలో ఆరేళ్లు గడిచాయి. మా పత్రికా ప్రకటనల ప్రకారం మా జూలో ఏ జంతువూ పుట్టదు. అన్నీ ఆరు నెలల వయసుతో హఠాత్తుగా ప్రత్యక్షమవుతాయి.

అప్పుడొచ్చాడు కొత్త డైరెక్టరు. సంచిలో ఒక పెద్ద నక్షా కూడా వచ్చింది. దాని పేరు ఎలుగుల లోయ. పాత కటకటాలు పోయి నిలువెత్తు అద్దం గోడ, దాని మీదుగా కృత్రిమ జలపాతం, ఎదురుగా మెట్లు మెట్లుగా కూర్చునే చోటు, ఫొటోలు దిగడానికి ఒక అరుగు. ఎలుగు ఎక్కడ పడుకుంటుందో మాత్రం నక్షాలో కనపడలేదు. అడిగితే డైరెక్టరు, “అద్దం ముందు” అన్నాడు.

చిక్కేమిటంటే, ఆ అరుగు రావాల్సిన చోట పాత రాతిగుహ ఉంది. గుహలో మా ఆడ ఎలుగు ఉంది. అది పది రోజులుగా బయటికి రావడం లేదు.

“కడుపుతో గానీ ఉందా?” అని డైరెక్టరు బాబాయిని పిలిపించి అడిగాడు.

“అబ్బే, ఏం లేదు సార్.”

“మరి బయటికి రాదేం?”

“సిగ్గు.”

“ఎలుగుకి సిగ్గేమిటయ్యా?”

“మీరు కొత్తగా వచ్చారు కద్సార్. ఇంకా అలవాటు పడలేదు.”

డైరెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “చూడు పెద్దాయనా. పిల్లలుంటే ఇప్పుడే చెప్పు. గుహలో కెమెరాలు పెట్టిస్తాను, లోకమంతా చూస్తుంది, కూల్చడం వాయిదా వేయమని పైవాళ్లను అడగడానికి నాకూ ఒక కారణం ఉంటుంది. లేవంటే వచ్చే సోమవారం యంత్రం వస్తుంది. ఎలుగును పక్క బోనులోకి తోలేసి గుహ తీసేస్తారు. ఏదో ఒకటి తేల్చు.”

బాబాయి ఏదీ తేల్చకుండా బకెట్టు తీసుకుని వెళ్లిపోయాడు.

నాలుగేళ్ల కిందట చిరుత గదిలో ఇలాగే కెమెరాలు పెట్టారు. దీపాలు, తీగలు, తలుపులు తీయడాలు, మూయడాలు. ఆ తర్వాత ఆ తల్లి తన పిల్లల్ని మళ్లీ ముట్టుకోలేదు. రెండూ వారం తిరక్కుండానే పోయాయి. ఆ కబురు నేను ఏ పత్రికకూ పంపలేదు. కాబట్టి బాబాయి ఇరుక్కున్న చోటు నాకు బాగానే అర్థమైంది. ఉందంటే కెమెరా, లేదంటే యంత్రం. ముప్ఫై ఒక్కేళ్లుగా ఆదుకున్న “ఏం లేదు” ఈసారి గుహనే తవ్వించేలా ఉంది.

ఇంతకీ గుహలో పిల్లలున్నాయో లేవో అప్పటికి నాకూ తెలియదు. తెలిసింది గురువారం మధ్యాహ్నం.

ఆ గురువారం ఉదయం నా పెళ్లి తప్పిపోయింది. ముహూర్తం కుదిరి, కార్డులు అచ్చయ్యాక, అవతలివాళ్లు ఫోను చేసి “మావాడు ఆలోచనలో పడ్డాడు” అన్నారు. ఆ అబ్బాయి ఆలోచించగలడని నాకు అప్పటిదాకా తెలియదు. ఆఫీసులో ఏడిస్తే పదిమంది ఓదారుస్తారని, దాణా కొట్టు వెనక మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాను. బాబాయి బకెట్టుతో అటు వచ్చాడు.

“ఏమైందమ్మాయ్?”

“ఏం లేదు.”

“నా మాట నువ్వంటావేం?” అని బకెట్టు కింద పెట్టాడు. కారణం అడగలేదు. జీవితం గురించి రెండు మంచి మాటలూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ బకెట్టు ఆయన నెత్తినే బోర్లించేదాన్ని. “చెప్పులు విప్పి రా” అన్నాడు.

గుహ వెనక, తుప్పల చాటున, రాళ్ల మధ్య ఒక సందు ఉంది. అందులో కుక్కిన గుడ్డపేలిక లాగి, నన్ను కన్ను పెట్టమని సైగ చేశాడు. ముందు చీకటి. తర్వాత ఆ చీకటికే బొచ్చు ఉందని తెలిసింది. ఆ బొచ్చు మధ్యన, తడిసిన మసిగుడ్డల్లాంటివి రెండు. ఒకటి ఇంకోదాని ముఖం మీద కాలేసి పాలు తాగుతోంది. ముఖం తొక్కించుకుంటున్నది కూడా తాగడం మానలేదు. పాత టేబుల్ ఫ్యాను తిరుగుతున్నట్టు సన్నగా ఒకటే రొద. తాగేటప్పుడు ఎలుగుపిల్లలు అలా పాడతాయట. అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

ముప్ఫై లెక్కపెట్టేలోపు గుడ్డపేలిక మళ్లీ సందులోకి వెళ్లింది.

“ఏం చూశావ్?” అన్నాడు దాణా కొట్టు దాకా వచ్చాక.

“ఏం లేదు.”

“ఆఁ. చదువుకున్నదానివి.”

ఆ రాత్రి ఆలోచనలో పడ్డ అబ్బాయి గురించి తలుచుకుందామని పడుకున్నాను. మసిగుడ్డలే గుర్తొచ్చాయి. నిద్ర పట్టేసింది. ఆరేళ్లుగా లోకం మొత్తానికి దాచిన మనిషి నాకొక్కదానికే చూపించాడని, నిజం చెప్పొద్దూ, కాస్త పొగరు కూడా వచ్చింది.

శనివారం మీటింగు. ఎలుగుల లోయ కట్టే ఇంజనీరు నక్షా పరిచి నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాడు. ఒకవైపు డైరెక్టరు, ఇంకోవైపు పశువుల డాక్టరమ్మ, చివర నేను. క్యాంటీను అక్క టీ పోస్తోంది. బాబాయి తలుపు దగ్గర నిలబడ్డాడు.

“సోమవారం ఏడింటికి యంత్రం దిగుతుంది” అన్నాడు ఇంజనీరు. “గుహలో పిల్లలూ అవీ ఏం లేవు కదా?”

అందరం బాబాయి వైపు చూశాం. ఆయన నోరు అలవాటు ప్రకారం తెరుచుకుంది. “అ...” అన్నాడు. మూసుకుంది. మళ్లీ తెరుచుకుంది. ముప్ఫై ఒక్కేళ్లలో మొదటిసారి ఆ మాట గొంతులో అడ్డంపడింది.

నేను లేవబోయాను. నాకంటే ముందు డాక్టరమ్మ అందుకుంది.

“ఏం లేవు గానీ, దానికి గజ్జి. బయటికి తోలితే జూ అంతా అంటుకుంటుంది. రెండు నెలలు కదపకూడదు.”

డాక్టరమ్మ ఆ ఎలుగును పరీక్షించి నెల దాటిందని నాకు తెలుసు. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ ఫ్యాను వైపు చూసింది.

“అవును, పైగా గుహలో పాముంది” అంది క్యాంటీను అక్క, టీ పోస్తూ. “ఇంత లావు. నేనే చూశా.”

“గజ్జి పట్టిన ఎలుగూ పామూ ఒకే గుహలో ఉంటున్నాయా?” అన్నాడు ఇంజనీరు.

“కలిసే ఉంటున్నాయండీ. గొడవల్లేవు.”

నేనూ ఊరుకోలేకపోయాను. “ఆ గుహ ఫొటో వచ్చే ఏడాది క్యాలెండరుకి ఇచ్చేశాం సార్. అచ్చవుతోంది. ఇప్పుడు కూలిస్తే బాగోదు.”

ఇంజనీరు ఆఖరి ఆశగా డైరెక్టరు వైపు తిరిగాడు. డైరెక్టరు గొంతు సవరించుకుని, నక్షా మీద గుహ ఉన్న చోట అరచెయ్యి పెట్టాడు.

“నాకూ ఒక అనుమానం ఉందండీ. అక్కడ నేల మెత్తగా ఉంది.”

“సార్, అది కొండరాయి!”

“రాయి కూడా ఒక్కోసారి మెత్తబడుతుంది” అన్నాడు డైరెక్టరు, కిటికీలోంచి ఎటో చూస్తూ.

అప్పుడు నాకు సంగతి పూర్తిగా అర్థమైంది. అందరూ నాలాగే చెప్పులు విప్పి వెళ్లొచ్చారు.

మీటింగు కాగానే క్యాంటీను అక్కను వంటగదిలో నిలదీశాను. “నీకెప్పుడు చూపించాడు?”

“దేన్ని?” అంది. నేను కదలకపోయేసరికి నవ్వేసింది. “మా అత్తతో గొడవపడి ఏడ్చుకుంటూ వచ్చానే, మంగళవారం. డాక్టరమ్మకు ముసలి ఏనుగు పోయిన మర్నాడు. డైరెక్టరుగారి భార్య అలిగి పుట్టింటికెళ్లింది, తెలీదా? నిన్న తెల్లారగట్ల ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని తుప్పల్లోంచి వస్తుంటే నేనే చూశా. నిరుడు జింకపిల్ల పుట్టినప్పుడు గేటు దగ్గర టిక్కెట్లు చింపే అన్నయ్యకి. వాళ్లబ్బాయికి ఆపరేషను కదా అప్పుడు. కోతిపిల్లని తోటమాలికి. నువ్వింకా నీకొక్కదానికే అనుకున్నావా ఏంటి?”

అనుకున్నాను. పొగరు దిగిపోయింది. దాని స్థానంలో మరేదో వచ్చింది. అదేమిటో రాయడానికి ప్రయత్నిస్తే బోర్డు మీది వాక్యంలా తయారవుతుంది కాబట్టి వదిలేస్తున్నాను. ముప్ఫై ఒక్కేళ్లుగా ఈ ముసలాయన పుట్టుకల్ని దాచింది, ఎవరి మొహమైనా వేలాడితే ఒకటి తీసి చేతిలో పెట్టడానికన్నమాట. పత్రికలకిస్తే ఒక్క ఉదయంలో అయిపోతుంది.

“ఎంతమందికి చూపించావు బాబాయ్?” అని అడిగాను దాణా కొట్టు దగ్గర.

“నీకు నిద్ర చాలట్లేదమ్మాయ్” అన్నాడు.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. కానీ ఇంజనీరు మెత్తబడే రాయి కాదు. సోమవారం ఏడింటికి యంత్రం రానే వచ్చింది. డైరెక్టరు గుహ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫోనులో ఇంజనీరును ఆయన పైవాళ్లు తిడుతున్న తిట్లు నా కిటికీ దాకా వినిపించాయి. పావుగంట తర్వాత ఫోను పెట్టేసి, ఇటుకల గుట్ట మీద కూలబడి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. యాభై ఏళ్ల మనిషి. టోపీ కింద పడింది. తీసుకోలేదు.

బాబాయి బకెట్టుతో అటుగా వెళ్తూ ఆగాడు. ఏమన్నాడో వినపడలేదు. ఇంజనీరు మాత్రం వంగి బూట్ల తాళ్లు విప్పుకోవడం కనిపించింది.

నేను ముప్ఫై లెక్కపెట్టాను. తుప్పల్లోంచి తిరిగొచ్చినప్పుడు ఆయన ఒక బూటు తొడుక్కుని రెండోది చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. నేరుగా యంత్రం దగ్గరికి వెళ్లి డ్రైవరుతో, “ఇంజను ఆపవయ్యా, ఏమిటా చప్పుడు!” అన్నాడు, గుసగుసగా.

బుధవారానికి కొత్త నక్షా వచ్చింది. అద్దం గోడ నలభై అడుగులు వెనక్కి జరిగింది. జలపాతం మూల మలుపు తిరిగింది. ఫొటోల అరుగు తాబేళ్ల దగ్గరికి పోయింది. గుహ ఉన్న చోట ఇంజనీరు చుట్టూ గట్టిగా గీత గీసి, తన చేత్తో రాశాడు: “ఇక్కడ చాలా గట్టి రాయి. తవ్వడానికి ఎంత మాత్రం వీలు కాదు.” దాని మీద డైరెక్టరు సంతకం పెట్టాడు. పరీక్షించి చూశానని డాక్టరమ్మ కూడా పెట్టింది. ఆవిడకు రాళ్ల గురించి ఏం తెలుసని ఎవరూ అడగలేదు.

పది వారాల తర్వాత, ఒక ఆదివారం ఉదయం, ఇంజనీరు కుటుంబంతో వచ్చి నిలబడి ఉండగా, ఆ చాలా గట్టి రాయి రెండు బొచ్చు ముక్కలై, తల్లి వీపెక్కి ఎండలోకి వచ్చి, తుమ్మింది.