అక్క బదులు నేనిచ్చిన జవాబు

ఆ రోజు క్యాంపస్‌లో పీజీ సీట్ల కౌన్సెలింగ్. మా అక్కకు వినిపించదు. సైగల భాషే ఆమె మాట. ఇంటర్‌ప్రెటర్ కావాలని దరఖాస్తులోనే రాసింది. తీరా వెళ్తే గుమస్తా నన్ను ఎగాదిగా చూసి, "ఇంటర్‌ప్రెటర్ ఎందుకమ్మా? చెల్లెవు నువ్వున్నవ్ గదా!" అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నా, నాకు గర్వంగానే అనిపించింది. బ్యాంకులో, ఆసుపత్రిలో చిన్నప్పటి నుంచీ ఆమె తరఫున మాట్లాడేది నేనే కదా.

పేర్లు మైకులో పిలుస్తున్నారు. మూడుసార్లు పిలిచినా రాకపోతే వరుస పోయినట్టే. చూసి తెలుసుకోవడానికి ఒక బోర్డు కూడా లేదు. పొద్దుటి నుంచీ నేను మంచినీళ్లకు కూడా లేవలేదు. అక్క చేతులతో ఒకటే అడుగుతోంది: "పిలిచారా? నా పేరేనా?" ఆమెకు మ్యాథ్స్ సీటే కావాలి. రెండేళ్లుగా తార్నాకలో మా గది గోడల నిండా ఆ సూత్రాలే.

ఎట్టకేలకు పిలిచారు. పరుగెత్తాం. కంప్యూటర్ ముందున్న సారు తలెత్తకుండానే, "మ్యాథ్స్ అయిపోయింది. లైబ్రరీ సైన్స్ ఉన్నది. తీసుకుంటదా, రెండో విడతకు ఆగుతదా? జల్ది చెప్పు," అన్నాడు. వెనక నుంచి తోపులాట. అక్క నా చేతుల వైపే చూస్తోంది. రెండో విడతలో ఏదీ రాకపోతే ఏడాది పోతుంది.

"తీసుకుంటది సార్," అన్నాను. అక్కను అడగనే లేదు.

సారు మీట నొక్కాడు. చేతికొచ్చిన కాగితం చదివి అక్క అరచేత్తో బల్ల మీద దబదబా బాదింది. మనిషిని పిలవాలంటే ఆమె చేసేది అదే, కానీ హాలంతా తిరిగి చూసింది. "ఎవరు అడిగారు? ఎవరు ఒప్పుకున్నారు?" అని చేతులతో నన్ను నిలదీసింది.

"సార్, తప్పయింది. మార్చండి సార్," అని బతిమాలాను.

"ఒక్కసారి లాకయితే మార్చుడు ఉండదమ్మా. నువ్వే చెప్పినవ్ గదా!"

నా నోరు పడిపోను! సైగ చేసి అడగడానికి అర నిమిషం చాలు. ఆమె జీవితం గురించిన ప్రశ్న ఆమె దాకా చేరకుండా మధ్యలో నేనే మింగేశాను.

తిరుగు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. "తప్పు నాదే, భయపడ్డాను," అని చెప్పడానికి చేతులెత్తాను. ఆమె తల తిప్పుకుంది. ఆమె చూడకపోతే నేను చెప్పగలిగేది ఏమీ లేదు. భుజం తట్టాను. మళ్లీ తట్టాను. తార్నాక వచ్చేదాకా ఆమె నా వైపు చూడలేదు.