చక్రం కింద నిమ్మకాయ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదని నా గట్టి నమ్మకం. చేతిలో కొత్త డిగ్రీ, నెత్తిన పసుపు హెల్మెట్, పైగా జంషెడ్‌పూర్‌లో నది ఒడ్డున ఊరంతటికీ గుర్తుగా నిలబడబోయే జెయింట్ వీల్ పనిలో జూనియర్ ఇంజనీరు ఉద్యోగం. మాంగో వంతెన మీద ఆటోలో వెళ్తుంటే, ఎవరూ అడక్కపోయినా "అది మేమే కడుతున్నాం" అని చెప్పేదాన్ని. (మేము అంటే నిజానికి క్రేన్లూ, వెల్డర్లూను. నేను వాళ్ళు బిగించిన బోల్టుల మీద రంగు చుక్క పెట్టేదాన్ని.)

సీతారామ్‌డేరాలోని మా ఇంట్లో అమ్మ మాత్రం ఆ చక్రం గురించి ఒక్కటే అడిగేది: పైకెళ్తే ఉక్కు కార్ఖానా లోపల కనిపిస్తుందా అని. నాన్న బతికున్నన్నాళ్ళూ ఆ గేటు లోపలే పనిచేశారు. అమ్మ రోజూ కేరేజీ కట్టి పంపిందే గాని, ఆయన అది ఎక్కడ కూచుని తినేవారో ఎన్నడూ చూడలేదు. విశ్వకర్మ పూజనాడు ఇంటివాళ్ళని లోపలికి రానిచ్చేవారు; నేను నాన్న వేలు పట్టుకుని వెళ్ళేదాన్ని. అమ్మకేమో ఆ రోజు వచ్చే చుట్టాలకి వండి వార్చడంతోనే సరిపోయేది. వచ్చే ఏడు నిన్నూ తీసుకెళ్తానని అమ్మతో అనేవారు నాన్న. ఆ వచ్చే ఏడు రాకుండానే ఆయన వెళ్ళిపోయారు. ఎర్రచారల చిమ్నీ పక్క షెడ్డు నీడలో తింటానని చెప్పేవారట. అమ్మకి మిగిలిన ఆనవాలు అదొక్కటే.

చక్రం సిద్ధమై, పరీక్షలన్నీ అయ్యాక, విశ్వకర్మ పూజనాడు పనివాళ్ళ కుటుంబాలని ముందుగా ఎక్కించారు. అమ్మ పట్టుచీర కట్టుకుని, సంచిలో నిమ్మకాయలతో దిగింది. కొత్త బండి కదిలే ముందు చక్రం కింద నిమ్మకాయ తొక్కించకుండా ఎలా ఎక్కుతామని ఆవిడ వాదన. ఈ చక్రం నేలకి తగలదు, గాల్లోనే తిరుగుతుంది మొర్రో అని నేను ఇంగ్లీషు కలిపి వివరించాను. మా ఫోర్‌మన్ (జేబులో ఎప్పుడూ ఓ బోల్టు ఉంటుందని అందరూ బోల్టు దాదా అనేవారు) మధ్యలో దూరి, చక్రం అంచుని ఒరుసుకుంటూ దాన్ని తిప్పే రబ్బరు టైర్లు కిందున్నాయి కదా, వాటి సందున పెడితే సరి అన్నాడు హిందీలో, మహా భక్తిగా. టైరు అనేసరికి నాకూ అది సబబుగానే తోచింది. ఇంకేముంది, అమ్మని చూసి వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ సంచులు విప్పారు. ఒకరు నిమ్మకాయ తెస్తే మనవాళ్ళలో ఇంకొకరు తేకుండా ఉంటారా!

చక్రం కదిలింది, నిమ్మకాయలు చిట్లాయి, జనం చప్పట్లు కొట్టారు. అమ్మా నేనూ ఎక్కిన క్యాబిన్ పైకి చేరేసరికి టైర్లు రసంలో జారిపోయి, అవి తిరుగుతున్నాయే గాని చక్రం కదల్లేదు. ఉద్యోగం ఊడినట్టేనని వాకీటాకీలో దాదా మీద అరిచాను. ఆయన బ్రేకు వేయించి, సబ్బునీళ్ళతో టైర్లు కడిగిస్తున్నాడట. అమ్మకి ఇదేమీ పట్టలేదు. అద్దానికి నుదురు ఆనించి చూస్తోంది.

"అదిగో, ఎర్రచారల చిమ్నీ," అంది. "అమ్మీ, ఇంత దగ్గరేటే? నానెంతో దూరమనుకున్నాను. కేకేత్తే ఇనబడేటట్టుందే."

అంతలో వాకీటాకీలో దాదా, తుడవడం అయింది, తిప్పమంటారా అని అడిగాడు. అమ్మ వెనక్కి తిరక్కుండానే "కూసింతసేపు ఆగమనే" అంది. అందాకా తొందరపెట్టినదాన్ని నేనే, "థోడా రుకియే, దాదా" అన్నాను. ఆయన బ్రేకు అలాగే ఉంచాడు.

ఇప్పుడు ఆ చక్రం లేకుండా మా ఊరి ఫొటో లేదు. దాన్ని నడిపించే బాధ్యతంతా నాదే. నిమ్మకాయలు లోపలికి తేరాదని గేటు దగ్గర హిందీలోనూ తెలుగులోనూ బోర్డు పెట్టించిందీ నేనే. (ఈ ఊళ్ళో తెలుగులో ఉన్న సేఫ్టీ బోర్డు బహుశా అదొక్కటే.) అమ్మ ఏటా పూజనాడు వచ్చి ఎక్కుతుంది. చక్రం ఇప్పుడు ఆగదు, ఒకరి కోసం ఆపడానికి నా రూలే ఒప్పుకోదు. చిమ్నీ అలా కనబడి వెనక్కి పోతుంటే మెడ తిప్పి తిప్పి చూసుకుంటుంది.

మొన్న పూజకి గేటు దగ్గర అమ్మ సంచి నేనే వెతికాను. మంచినీళ్ళ సీసా, కళ్ళజోడు, అంతే.

"బోర్డెట్టినావు కదే, ఎలా తెత్తాను?" అంది నవ్వుతూ.

నేనూ నవ్వాను గాని, ఆ బోర్డు రాయించిన తెలివైన ఇంజనీరమ్మ మీద మాత్రం ఒళ్ళు మండింది. ఒక్క నిమ్మకాయైనా దొరక్కపోతుందా అని సంచి అడుగున మళ్ళీ ఓసారి చెయ్యి పెట్టి వెతికాను.