గోడ మీద వేలాడిన దొంగ పానా

2022. పత్తి ఏరే రోజులు. ఖిలా వరంగల్ పోయే దారిలో మాకు ఒక మెకానిక్ షెడ్డు ఉంది. ట్రాలీ ఆటోలు, చిన్న గూడ్స్ బండ్లు వస్తుంటాయి. బండ్ల కింద దూరేది మా ఆయన, ఇద్దరు మేస్త్రీలు. సామాను చూసుకునేది, తాళం చేతులు ఇచ్చేది నేను. చదివింది ఐదో తరగతే గానీ, ఏ పానా పొద్దున ఎవరి చేతిలో చూశానో సాయంత్రం అడిగినా చెప్తాను. చెప్పి ఏం లాభం, వాళ్లు ఒప్పుకుంటే కదా.

షెడ్డులో కష్టమంతా ఇంజన్ విప్పడంలో ఉంటుందని బయటివాళ్లు అనుకుంటారు. సగం కష్టం, విప్పే పానా వెతకడంలోనే. పెద్దవి ఎక్కడికీ పోవు. పోయేది పది నంబర్ పానా. తీగ బిగించే బ్యాటరీ టెర్మినల్‌కి అదే, అడ్డమైన మూతలకూ అదే. నాకది సీటు కింద దొరికింది, టిఫిన్ డబ్బాలో దొరికింది. ఒకసారి మేస్త్రి అంగీ ఉతుకుతుంటే జేబులో దొరికిందని వాళ్లావిడ మర్నాడు అన్నం గిన్నెతోపాటు కట్టి పంపింది. విసుగొచ్చి గోడకు ఒక చెక్క కొట్టించాను. దాని మీద ప్రతి పానా, స్క్రూలు తిప్పే ప్రతి పేచ్‌కస్ ఆనించి చుట్టూ పెయింట్‌తో గీత గీశాను. సామాను తీస్తే గీత ఒక్కటే మిగులుతుంది, ఏది బయట ఉందో దూరం నుంచే తెలుస్తుంది. పైగా మాది అని గుర్తుకు ఒక్కోదానికి ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను. చెక్క నిండితేనే బండి గేటు దాటాలని నియమం పెట్టాను. ఖాళీ కనిపిస్తే ఆ రోజు నా నోరు ఆగేది కాదు. అది కూడా చెప్పుకోవాలి.

ఆ రోజు పొద్దున్నే పరకాల దగ్గరి ఊరి నుంచి సమ్మయ్య వచ్చాడు. పత్తి కిరాయిలు తోలుతాడు, ఆ బండి తప్ప వేరే బతుకుతెరువు లేదు. సెల్ఫ్ మోటార్ పట్టుకుంది, అంటే తాళం తిప్పితే ఇంజన్‌ను లేపే మోటార్ తిరగడం లేదు. మధ్యాహ్నానికి పత్తి లోడు ఎత్తాలని తొందరపెట్టాడు. మా పెద్ద మేస్త్రి కొమురన్న బ్యాటరీ విప్పి, మోటార్ బాగుచేసి, మళ్లీ బిగించి చాయ్‌కి పోయాడు. నేను చెక్క వైపు చూశాను. నిండుగా ఉంది. సమ్మయ్యకు తాళం ఇచ్చేశాను.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక రెండో మేస్త్రి శీను పది నంబర్ అడిగితే గోడ మీది నుంచి తీసి ఇచ్చాను. ఐదు నిమిషాలకు వెనక్కి తెచ్చాడు.

“వదినె, గిది పది కాదు. బోల్టు మీద ఉత్తగ తిరుగుతాంది, పట్టుతలేదు.”

తిప్పి చూస్తే పదకొండు. ఎప్పుడో పాత ఇనుములో పారేసింది. నంబరు గోడ వైపుకు తిప్పి తగిలించారు. చుక్క కూడా ఉంది, కానీ మాది ఎరుపు, ఇది గులాబి. పని మీద పెట్టమంటే పెట్టరు గానీ దీని మీద ఎంత శ్రద్ధ పెట్టారో చూడండి. ఇన్ని రోజులూ రోజుకు పదిసార్లు చూస్తూ ఆ రంగు పట్టుకోలేకపోయాను, అది నా గొప్ప.

కొమురన్నను పిలిచాను. తనకేం తెలియదన్నాడు.

“అన్నా, పొద్దుగాల సమ్మయ్య బ్యాటరీ బిగించేటప్పుడు పది నంబర్ నీ చేతులనే చూసిన. చాయ్‌కి పోయేటప్పుడు నీ చేతులు ఖాళీగున్నయ్. నడుమ యాడ పెట్టినవ్?”

గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. “గీ శీను గాడు ఎత్తుకపోతడని బ్యాటరీ డబ్బల దాచిన చెల్లె. వచ్చేవరకు బండి లేదు. మల్లొచ్చినప్పుడు తీసుకుందామనుకున్న.”

“మరి గోడకు గిది?”

“దసరకు పూజ చేసి సామాన్లు మల్ల తగిలేసినప్పుడు నేనే వెట్టిన. అసలుది నా కాడ్నే ఉంచుకుంటున్న, శీనుకు కావల్సొస్తె నేనే ఇచ్చి మల్ల తీసుకుంటున్న. గీత ఖాళీగ కనవడితె నువ్వు పొద్దంత వదులుతవా మరి.”

తిట్టడానికి నోరు తెరిచాను. అంతలో బండి కింది నుంచి లేచొచ్చిన మా ఆయన ముఖం చూసి ఆగాను. ఆయన ఒకే మాట అన్నాడు, డబ్బా మీదనే పత్తి ఉంటుందని. ఆ బండికి బ్యాటరీ డబ్బా ట్రాలీ చెక్కల కిందనే ఉంటుంది. గతుకుల్లో పానా లేచి టెర్మినల్‌కూ డబ్బా ఇనుముకూ మధ్య పడితే నిప్పు రవ్వలు లేస్తాయి. చెక్కల సందుల్లోంచి పత్తి కిందికి వేలాడుతూ ఉంటుంది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మూడోసారికి ఎత్తి, లోడు అయిపోయింది, మార్కెట్ గేటు మూసేలోపల పోవాలి, తర్వాత మాట్లాడతానన్నాడు.

“సమ్మయ్యా, తాళం తిప్పకు. దిగి బ్యాటరీ డబ్బ తెరిచి చూడు.”

“ఏందక్కా, పొద్దుగాలనే బాగు చేసి ఇస్తిరి. మల్ల గిదేంది?”

“మా పానా అండ్ల ఉంది. నీకు దండం పెడ్త, జర చూడు.”

గొణుక్కుంటూ దిగాడు. మూత తెరిచిన చప్పుడు వినిపించింది. పానా టెర్మినల్‌కు ఆనుకొని ఉంది, కొస నల్లబడింది అన్నాడు. ఖాళీ బండి తోలుకొచ్చేటప్పుడే కాలిన వాసన వచ్చిందట, బ్రేకు అనుకున్నాడట. కొమురన్న నా చేతిలోని ఫోన్ లాక్కున్నాడు.

“చెయ్యి వెట్టకు సమ్మన్నా. ఇనుము అసలే వద్దు. ఎండిన కట్టె తీస్కొని టెర్మినల్ కాడికెల్లి అవతలికి నూకు. నిమ్మళంగ.”

మేం నలుగురం ఒక ఫోన్ చుట్టూ నిలబడ్డాం. పానా కింద పడ్డ చప్పుడు వినిపించాక కొమురన్న అక్కడే నేల మీద కూలబడ్డాడు.

మర్నాడు సమ్మయ్య ఆ పానా తెచ్చి నా ముందు పెట్టాడు. ఒక కొస నల్లగా కాలి, గోరు పట్టేంత లోతుగా తినేసి ఉంది. “నా బండి, రైతు పత్తి, నేను, ముగ్గురం గీ పది నంబర్ కింద పోదుమక్కా” అన్నాడు. కొమురన్న తలొంచుకొని దాన్ని తీసుకుపోయి దాని గీతలోనే తగిలించాడు, నంబరు మా వైపుకు తిప్పి.

ఆ రాత్రంతా ఆలోచిస్తే నాకు అర్థమైంది ఒక్కటే. నేను చెక్క నిండిందా అని చూశాను గానీ దేనితో నిండిందో చూడలేదు. నా నోటికి భయపడి వాళ్లు ఖాళీని నింపడం నేర్చుకున్నారు, సామాను తిరిగి పెట్టడం నేర్చుకోలేదు. ఇప్పుడు ప్రతి మేస్త్రికీ పేరు చెక్కిన వాషర్లు ఇచ్చాను. పానా తీసిన చోట తన వాషర్ తగిలించాలి. తాళం ఇచ్చే ముందు ఒక్కొక్కటి చేత్తో పట్టి నంబరు చూస్తాను. ఏదైనా పోయిందని ఎవరైనా తనంతట తాను వచ్చి చెప్తే తిట్టను, చాయ్ పోస్తాను.

పానాలు పోవడం మాత్రం ఆగలేదు. మొన్న ఒక్కరోజే మూడు చాయ్‌లు పోశాను. మూడూ కొమురన్నకే.