సూది పెద్దమ్మకు దొరకని నరం

మా అమ్మమ్మ గుచ్చితే రోకలిబండకైనా సెలైన్ ఎక్కుతుంది. ఆమె నర్సుగా పనిచేసిన పిల్లల వార్డులో అందరూ ఆమెను సూది పెద్దమ్మ అనేవారు. అలాంటి మనిషికి ఒకరోజు, విరేచనాలతో తోటకూర కాడలా వేలాడిపోయిన పసిపాప చేతిలో ఒక్క నరమూ దొరకలేదు. సెలైన్ ఎక్కకపోతే పాప దక్కదు. గుచ్చిన చోటల్లా చర్మం కమిలిపోయింది. పాప ఏడవడం కూడా మానేసింది.

"చాలమ్మా, ఇక గుచ్చకండి," అంటూ తల్లి ఆమె చేతులు పట్టుకుంది.

గత్యంతరం లేక పెద్దమ్మ, ఇన్నాళ్లూ పిల్లలాట అని ఎగతాళి చేసిన దీపాన్ని బయటికి తీసింది. అది చర్మం మీద నరాల నీడ చూపే చవక పరికరం. చేత్తో తడమనిదే ఏ పనీ చేయలేని మనిషి కదా, దాన్నీ పాప చేతికి గట్టిగా అదిమింది. ఏమీ కనబడలేదు.

"ఇదీ మోసమే," అంటూ నీరుగారిపోయి దాన్ని పైకెత్తింది.

"అమ్మా, ఆ గీతేంటి?" అని తల్లి అరిచింది.

అదిమినందుకు అణిగిపోయిన నరం, దీపం దూరం జరగగానే నల్లగా తేలింది. పెద్దమ్మ ఆ గీత మీదే సూది దింపింది. సెలైన్ బొట్టు బొట్టుగా కదిలింది.

ఇదంతా విని, "ఆ గీత కనబడకపోతే ఏం చేసేదానివే అమ్మమ్మా?" అని అడిగాను.

"ఏం చేస్తాన్రా? పాప పోయేదాకా గుచ్చుతూనే ఉండేదాన్ని."