ఇరవై జీవాల పర్మిట్

ఆ అధికారి మీద నా కోపం ఇంకా చల్లారలేదు. నా మీద నాకున్న కోపం అసలే చల్లారలేదు.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. అప్పటికి మేమింకా కర్నూలు జిల్లా వాళ్లమే. గిద్దలూరులో గ్రామసేవకులకు శిక్షణ పెట్టారు. బడికి పోకుండానే లెక్కలు నేర్చుకున్నవాణ్ణని, పొలాల కొలతలు చూపించడానికి నన్ను పిలిచారు.

ఒకరోజు రాచర్ల వైపు ఊళ్లలో గొర్రెలు, మేకలు లెక్క రాయమన్నారు. ఆ లెక్కను బట్టి ఎండాకాలం నల్లమలలో మేతకు పర్మిట్లిస్తారు. మా వైపు కాపరి మంద లెక్క నోటితో చెప్పడు. చెబితే మంద తరుగుతుందని భయం. లెక్క కావాలంటే తెల్లవారి మంద దొడ్డి దాటేటప్పుడు పక్కన నిలబడి, పదికొక రాయి జేబులో వేసుకోవాలి. ఆ మాటే శిక్షణ ఇచ్చే అధికారితో అన్నాను.

"మీరేం చదివారు?"

"ఏమీ చదవలేదండీ."

"అయితే కొలతలు చూడండి, చాలు."

శిక్షణకు వచ్చినవాళ్లు నవ్వారు.

మిట్టమధ్యాహ్నం ఒక గ్రామసేవకుడు ఒక కాపరిని అడిగాడు. "ఎన్ని జీవాలున్నాయి మామా?"

"ఎన్నేందప్పా! ఏదో ఇరవై ఉంటాయి, రాసుకోపో."

రాసుకున్నాడు. ఆ మందలో ఎనభై ఏడున్నాయని నాకు తెలుసు; అంతకుముందే ఒకసారి దొడ్డి దగ్గర రాళ్లేసుకుని లెక్కపెట్టాను. పొద్దుటి నవ్వులకు అలిగి నోరు మూసుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. ఇరవైకే పర్మిట్ ఇచ్చారు. అడవి అంచున గార్డు మిగిలిన అరవై ఏడింటినీ బందెలదొడ్డికి తోలించాడు. కాపరి నా ఇంటి మీదికి వచ్చాడు.

"లెక్కలోడివి గదన్నా! ఆ పొద్దు పక్కనే నిలబడి ఉంటివే, నోట్లో ఏం పెట్టుకున్నావు?"

అతన్ని వెంటబెట్టుకుని ఆ అధికారి ఆఫీసుకు పోయాను. "ఇరవై అన్నది ఇతనే కదా! ఎన్నున్నాయో ఇప్పుడు ఇతన్నే చెప్పమనండి," అన్నాడు అధికారి. జీవాల లెక్క రాసిన పుస్తకం తెరిచాడు.

కాపరి గోడవైపు తిరిగి మొక్కుకున్నాడు. గుమాస్తాలందరూ తల లేపారు.

"ఎనభై ఏడు, సారూ."

జీవాలను వదిలిపెట్టమన్న కాగితం చేతికొచ్చేసరికి మూడో రోజైంది. బందెలదొడ్డి తలుపు తీస్తే ఐదు గొర్రెలు చచ్చి పడి ఉన్నాయి. తొట్టి అడుగున తడి కూడా లేదు.

"చూసినావా అన్నా? నోటితో చెబితిని, పోయినాయి," అన్నాడు.

"నీళ్లు పెట్టక చంపినారు!" అని అరిచాను. ఎంత అరిచినా నమ్మలేదు. మిగిలినవాటిని తోలుకుని, నా వైపు చూడకుండా పోయాడు. తర్వాత శిక్షణ పుస్తకంలో కాపరుల ఈ భయాన్ని మూఢనమ్మకం అని రాశారు. తొట్టి సంగతి ఎక్కడా రాయలేదు.